చెయ్యి చెప్పిన అబద్ధం

బంగారయ్య నోరు కాల్చింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత చెబుదామని ఆగితే ఈలోగా నాకు సాకులు దొరికేస్తాయి.

బంగారయ్య కొండచిలువ. మీరనుకునే, మేకల్ని మింగే రకం కాదు. నాలుగడుగులుండే పరదేశపు రకం, భయమేస్తే బంతిలా చుట్టుకుని తల లోపల దాచేసుకుంటుంది. కుక్కల్ని పెంచనివ్వని అపార్ట్‌మెంట్లు విశాఖపట్నం నిండా లేచాక, మొరగకుండా, బొచ్చు రాల్చకుండా, వారానికో పూట తిని పడుకునే ఈ జీవి మీద జనానికి ప్రేమ పుట్టుకొచ్చింది. వాళ్లు ఊరెళ్లేటప్పుడు దాన్ని ఎక్కడో ఒకచోట ఉంచాలి కదా. ఆ చోటు మాది. మేడ కింద పాముల వసతి, మేడ పైన బెహరా ఉమాశంకర్ గారి ప్రయోగశాల. రెండూ ఆయనవే. బంగారయ్యను పూణే బదిలీ అయిన దంపతులు నెలలో వచ్చి తీసుకెళ్తామని ఇచ్చివెళ్లారు. నాలుగేళ్లయింది.

నా పని మేత పెట్టడం. ఎలుకలు గడ్డకట్టి, ప్యాకెట్లలో వస్తాయి. వాటిని కరిగించి, వేణ్ణీళ్లలో ఉంచి, బతికున్న ఎలుకంత వెచ్చగా చేసి, పొడుగాటి పటకారుతో అందించాలి. ఈ పాముకు కంటిచూపు అంతంతమాత్రం. పెదవుల అంచున వరసగా చిన్న చిన్న గుంతలుంటాయి, వాటితో వేడిని చూస్తుంది. చల్లటి ఎలుక దాని లెక్కన రాయి. ఎదురుగా ఉన్నవాటిలో ఏది ఎక్కువ వెచ్చగా ఉంటే అదే అన్నం. ఎలుక చల్లారిపోయి పట్టుకున్న చెయ్యి వెచ్చగా ఉంటే, ఆ చెయ్యే అన్నం.

వేడి చూడటంలో మా వంశానికి తిరుగులేదు. అనకాపల్లిలో మా అమ్మ అప్పలకొండ పురిటి పిల్లలకు నీళ్లు పోసేది. కాగులో మరిగే నీళ్లలో చన్నీళ్లు తొరిపి, మోచెయ్యి ముంచి, "ఊఁ" అందంటే ఆ నీళ్లు ఏ పసిగుడ్డుకైనా సరిపోతాయి. నలభై ఏళ్లలో ఒక్క బిడ్డ ఒళ్లు కందలేదు. జ్వరం చూసే పుల్ల మా ఇంట్లో ఎప్పుడూ లేదు. "అది సేతులు లేనోళ్లకి" అనేది అమ్మ.

నేనూ అంతే. బెహరా గారు కొన్న థర్మామీటర్ డ్రాయర్లో నిద్రపోయేది. నేను బకెట్లో మణికట్టు ముంచి, పుస్తకంలో ముప్పైతొమ్మిది డిగ్రీలు అని రాసేదాన్ని. మొదట్లో ఆయన రెండుసార్లు థర్మామీటర్ పెట్టి సరిచూశారు. అర డిగ్రీ తేడా రాలేదు. ఆ తర్వాత ఆయన కూడా నా చేతినే నమ్మారు. చదువుకున్నవాడు, చదువుకోనిది కలిసి చేసిన తప్పు అది.

*

పై అంతస్తులో ఆయన పదకొండేళ్లుగా చేస్తున్నది ఒకటే పని, మనిషి చేతిని పాముకు కనపడకుండా చేయడం. దానికో కారణం ఉంది. పూర్వం ఆయన విషప్పాముల దగ్గర పనిచేసినప్పుడు చిన్నంనాయుడు అనే సహాయకుడుండేవాడు. ముఖాన గుంతలుండే విషప్పాముకి మేత పెడుతూ కుడిచేతి మూడు వేళ్లు పోగొట్టుకున్నాడు. ఎలుక చల్లారింది, అతని వేళ్లు చల్లారలేదు, అంతే. చిన్నంనాయుడు ఇప్పటికీ దీపావళికి వచ్చి బెహరా గారికి ఎడమచేత్తో మిఠాయి ఇచ్చి వెళతాడు. అతను వెళ్లాక సారు ఆ రోజంతా పై అంతస్తు దిగరు.

చలవపూత తయారైన రోజున ముందు నన్నే పిలిచారు. వేడిని రంగుల్లో చూపించే కెమెరా ముందు చెయ్యి పెట్టమన్నారు. తెర మీద నా చెయ్యి మోచేతి దాకా ఎర్రగా, వేళ్ల మొదట్లో పసుపుగా వెలుగుతోంది. ఆయన ఒక తెల్లటి లేపనం రాశారు. చూస్తుండగానే ఒక్కొక్క వేలూ నల్లబడిపోయి, వెనకాల గోడలో కలిసిపోయింది. మోచేతి దగ్గర నా ఒళ్లు అయిపోయింది.

"వేడంతా ఎక్కడికి పోయింది సార్?"

"ఎక్కడికీ పోలేదమ్మా. ఈ పూత చర్మంలోకి ఇంకి, అక్కడి నరాలకి బయట చల్లగా ఉందని చెప్తుంది. దాంతో ఒళ్లు తన వేడిని లోపలే దాచుకుంటుంది."

"అంటే నరాలకి అబద్ధం చెప్తాదన్నమాట."

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. ఆ చేతిని బంగారయ్య గాజుపెట్టెలో పెడితే, దాని మీంచి పాకి అవతలికి పోయాడు. పెట్టెలో ఉన్న కర్రదుంగకూ నా చేతికీ తేడా తెలియలేదు వాడికి. పద్నాలుగు నెలలపాటు రోజూ పొద్దున్న రాసుకున్నాను, సాయంత్రం సబ్బుతో కడుక్కున్నాను. ఆయన కూడా రాసుకునేవారు. తయారీలో ఉన్నప్పటి నుంచే, అంటే నాకంటే ముందు నుంచీ. తర్వాత పాములతో పనిచేసే ఇంకో ఆరుగురికి కూడా ఇచ్చారు.

పదో నెలలో ఎలుకల పొట్టలు పగిలిపోవడం మొదలైంది. నీళ్లలోంచి తీస్తుంటేనే తోలు ఊడి వచ్చేది. సరుకు తెచ్చేవాడు పాతవి అంటగడుతున్నాడని ఫోన్లో దులిపేశాను. వాడు మొత్తుకున్నాడు, నేను వినలేదు. అదే వారంలో బంగారయ్య ఎలుకను కాటేసి, వెంటనే వదిలేసి, తల దాచేసుకున్నాడు. ఆ తర్వాత ముట్టలేదు. వారం, రెండు వారాలు, నెల. ఈ రకం పాములు అలిగితే నెలల తరబడి తినవు, అందరికీ తెలిసిన సంగతే. అలక అనుకుని ఊరుకున్నాను.

ఇంట్లోనూ అదే కథ. మా ధరణికి అయిదేళ్లు. వాళ్ల నాన్న ఓడ మీద పనిచేస్తాడు, ఆర్నెల్లకోసారి వస్తాడు. అమ్మ మా వీధి చివరే ఉంటుంది. ధరణికి నీళ్లు పోయడమంటే ఆ రోజుల్లో నాకు పెద్ద యుద్ధం.

"కాల్తోందమ్మా."

"ఏటి కాలేది? చన్నీళ్లలా ఉన్నాయి. వేషాలెయ్యకు."

"నిజంగా కాల్తోంది."

నేను ఇంకోసారి చెయ్యి ముంచి చూశాను. గోరువెచ్చగా కూడా లేవు. పిల్ల వీపు ఎర్రబడితే, గట్టిగా రుద్దాను కదా అనుకున్నాను. మనకి మన చెయ్యి మీదున్న నమ్మకం పక్కవాళ్ల నోటి మీద ఉండదు. ఆ పక్కవాళ్లు మన బిడ్డే అయినా సరే.

*

ఆ సోమవారం ధరణి మంచం దిగలేదు. తలనొప్పి అంది. నేను నుదుటి మీద చెయ్యి పెట్టాను. మెడ కింద పెట్టాను. పొట్ట మీద పెట్టాను. మా అమ్మ చూసినట్టే మూడుచోట్లా చూశాను.

"చల్లగానే ఉన్నావు. లే, బడి టైమయింది."

"చలేస్తోందమ్మా."

"స్వెట్టర్ వేసుకో."

జ్వరంతో ఉన్న పిల్లకి స్వెట్టర్ తొడిగి బడికి పంపాను. పదిన్నరకు ఫోను వచ్చింది. తరగతిలో బెంచీ మీంచి పడిపోయిందట, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయట, కళ్లు పైకి పోయాయట.

నేను ఆసుపత్రికి చేరేసరికి ఫిట్స్ ఆగాయి. నర్సు నూట నాలుగు అని రాస్తోంది. నేను వంగి బిడ్డ నుదుటి మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. పొద్దున్న ఎంత చల్లగా ఉందో అంతే చల్లగా ఉంది. నర్సు తప్పు రాస్తోందనుకున్నాను. ఆ మాట పైకి అనేశాను కూడా.

మా అమ్మ ఆటో దిగి వచ్చింది. పిల్లని తాకి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఒలే రత్నం, ఒళ్లు పెనంలా కాలిపోతంటే ఈ గుంటని బడికెలా పంపేవే?"

నేను మళ్లీ పెట్టి చూశాను. రెండు చేతులూ పెట్టాను. నాకేమీ తెలియలేదు. అప్పుడు ధరణి కళ్లు తెరిచి, నా చేతిని పక్కకి తోసింది.

"అమ్మ చెయ్యొద్దు. అమ్మమ్మ చెయ్యి పెట్టమను."

నా జీవితంలో నన్ను ఎవరూ అంతమాట అనలేదు. చాలా ఏడ్చాను. ఏడవడం అయ్యాక వెళ్లి ఆసుపత్రి కుళాయి దగ్గర నిలబడి, ఒక మగ్గులో వేణ్ణీళ్లు, ఒక మగ్గులో చన్నీళ్లు పట్టి, కళ్లు మూసుకుని చేతులు ముంచాను. అమ్మ ఆ మగ్గులు అటూ ఇటూ మార్చింది. ఏది ఏదో ఒక్కసారి కూడా చెప్పలేకపోయాను.

"సేతులు సచ్చిపోయేయమ్మా" అన్నాను, అమ్మ యాసలోనే.

అమ్మ కాసేపు నా చేతులు పట్టుకుని చూసింది. తర్వాత, "సెయ్యి పోతే సెంప లేదేటే? ఒంగి, సెంప ఆన్చు" అంది. వంగి ధరణి నుదుటికి చెంప ఆనించాను. కాలింది.

*

మర్నాడు వసతికి వెళ్లి ముందుగా డ్రాయర్లోంచి థర్మామీటర్ తీశాను. నేను ఎప్పుడూ తొరిపినట్టే నీళ్లు తొరిపాను, చెయ్యి ఊఁ అనేదాకా. అప్పుడు థర్మామీటర్ ముంచాను. యాభైఆరు. ఆ నీళ్లలో ఎలుక ఉడుకుతుంది. ఆ ఎలుకనే నాలుగు నెలల కిందట బంగారయ్య నమ్మి కాటేశాడు. టార్చి వేసి చూస్తే పెదవి మీది గుంతల్లో మూడు మానిపోయిన మచ్చలతో మూసుకుపోయి ఉన్నాయి. వాడు అలగలేదు. నేను వాడి చూపు సగం తీసేశాను.

పైకి వెళ్లి అంతా చెప్పాను. బెహరా గారు కుర్చీలోంచి లేవకుండా విన్నారు.

"పాప ఎలా ఉందమ్మా?"

"జ్వరం తగ్గింది సార్. పూత ఆపేయాలి."

"నీ చేతులకి వేరే జబ్బేదైనా కావచ్చు. నేనూ రాసుకుంటున్నాను కదా, నీకంటే ఎక్కువ కాలం నుంచి. నాకేం కాలేదే." ఆయన నా పుస్తకం తీసి నా ముందు పెట్టారు. "ఇదిగో, పద్నాలుగు నెలలు, అన్నీ ముప్పైతొమ్మిదే. నీ చేతికి తేడా వస్తే ఇందులో కనపడాలిగా."

"ఆ పుస్తకం అబద్ధం సార్. అది రాసింది నా చెయ్యే. నేనొక్కసారి కూడా థర్మామీటర్ పెట్టలేదు."

ఆయన పుస్తకం మూసేశారు. అయినా వదలలేదు. ఆయన మొండితనం నాకు తెలుసు. మొండితనం లేకపోతే పదకొండేళ్లు ఒక్క పని మీద కూర్చోలేరు.

"శుక్రవారం కంపెనీ వాళ్లు వస్తున్నారు. వాళ్లు తయారుచేస్తే దేశంలో పాములతో పనిచేసే ప్రతి మనిషి చేతికీ ఇది అందుతుంది. ఇంకో చిన్నంనాయుడు ఉండడు. ఒక్క అనుమానం మీద ఆపమంటావా?"

"ప్రతి మనిషి చేతికీ అందుతుందనే ఆపమంటున్నాను. ఆ చేతులతో వాళ్లు ఇంటికెళ్లి పిల్లల్ని ముట్టుకుంటారు సార్."

ఆయన కిటికీ వైపు తిరిగారు. "శుక్రవారం నువ్వు రావాలి. నువ్వు లేకపోతే ప్రదర్శన లేదు."

"వస్తాను" అన్నాను. వెళ్లి ఏం చేయాలో అప్పటికే అనేసుకున్నాను.

*

శుక్రవారం పదకొండు గంటలకు ముంబయి నుంచి ముగ్గురు వచ్చారు, ఇద్దరు మగవాళ్లు, ఒకావిడ. ఆవిడకి తెలుగు వచ్చు. నా పని నేను నిజాయితీగా చేశాను. పూత రాసుకుని చెయ్యి పెట్టెలో పెట్టాను. బంగారయ్య పట్టించుకోలేదు. వాళ్లు తెర మీద నల్లబడిన చేతిని చూసి చప్పట్లు కొట్టారు. పూత పనిచేస్తుంది, అందులో అబద్ధం లేదు. అదే కదా బాధ.

తర్వాత టీ తెచ్చాను. ఎప్పుడూ పింగాణీ కప్పుల్లో వస్తుంది మా దగ్గర. ఆ రోజు మాత్రం మా ఇంటి స్టీలు గ్లాసులు తెచ్చుకున్నాను, పొయ్యి మీంచి దింపిన టీ అంచుదాకా పోశాను. ట్రే బల్ల మీద పెట్టాను. ముంబయి ఆయన ఒకరు గ్లాసు ముట్టుకుని చటుక్కున వేళ్లు దులుపుకున్నాడు. రెండో ఆయన జేబురుమాలు తీశాడు. స్టీలు గ్లాసుని అంచు పట్టుకునే తాగాలని మన దేశంలో ఎవరికి తెలియదు?

నేనొక గ్లాసు తీసి, పిడికిలి నిండా పట్టుకున్నాను.

"మేడమ్, చేతికేమైనా ఇబ్బంది ఉందా అని మీరడుగుతారు కదా, చెప్తున్నాను" అన్నాను ఆవిడతో. "పద్నాలుగు నెలలు రాసుకున్నాను. మొన్న నా బిడ్డకి నూట నాలుగు జ్వరం. ముట్టుకుని చూసి, ఏమీ లేదని బడికి పంపేను. అక్కడ ఫిట్స్ వచ్చేయి."

ఆవిడ నా మాట వినడం లేదు, నా చేతిని చూస్తోంది. గ్లాసు వదలమంటోంది.

"రత్నం, చాలు" అన్నారు బెహరా గారు. ఆయన స్వరంలో కోపం ఉంది. "అంత వేడేం లేదు. భయపెట్టకు వాళ్లని. చూడండి." ఇంకో గ్లాసు తీసి, నాలాగే పిడికిలి నిండా పట్టుకున్నారు.

పట్టుకుని ఒక గుటక తాగారు. నాలుక కాలి, టీ ఒంటిమీద ఒలికింది. చెయ్యి మాత్రం గ్లాసుని అలాగే పట్టుకుని ఉంది. ఆయన తన చేతివైపు చూసుకున్నారు. నాకు ఆ చూపు తెలుసు. ఆసుపత్రి కుళాయి దగ్గర నేను అలాగే చూసుకున్నాను. రోజూ పిడి ఉన్న కప్పులో, పనిలో పడి చల్లార్చుకుని తాగే మనిషికి ఇన్నాళ్లూ తెలిసే దారే లేదు.

"కింద పెట్టండి సార్" అన్నాను.

ఇద్దరం గ్లాసులు దించాం. అరచేతులు ఎర్రగా కమిలిపోయాయి. ఆయన నన్ను కుళాయి దగ్గరికి తీసుకెళ్లి, నా చెయ్యీ తన చెయ్యీ ఒకే ధార కింద పెట్టారు.

"చల్లగా ఉందా అమ్మా?"

"తెలీదు సార్."

"నాకూ తెలీటం లేదు."

చాలాసేపు నీళ్లు పారాయి. ఆ తర్వాత ఆయన తుడుచుకోకుండానే గదిలోకి వెళ్లి, వచ్చినవాళ్లతో ఇవాళ సంతకాలు లేవని చెప్పారు. పూత రాసుకుంటున్న మిగతా ఆరుగురికీ ఆ మధ్యాహ్నమే స్వయంగా ఫోన్లు చేశారు. వాళ్లందరి తర్వాత, చివరి ఫోను చిన్నంనాయుడికి. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, తలుపు వేసేశారు.

సోమవారం నుంచి మళ్లీ మొదలుపెట్టారు. పూత కాదు, నరాలకి అది చెప్పిన అబద్ధాన్ని ఎలా విడిపించాలా అని. ముందు మా ఇద్దరి చేతులే ప్రయోగశాల. చేతులకి వేడి తెలియడం ఏడాదికి తిరిగొస్తుందేమో అంటారు డాక్టర్లు. రాదేమో అని కూడా అంటారు.

*

బంగారయ్య ఉపవాసం అయిదో నెలలో పడింది. వెన్నెముక తోలుకింద గీతలా కనిపిస్తోంది. ఇంకెంతో కాలం ఆగడు. వీడిని చావనివ్వనని గట్టిగా అనుకున్నాను. పూత లేకుండా, వట్టి చేతులతో, రోజూ పెట్టెముందు కూర్చున్నాను. ముందు థర్మామీటర్ ముంచుతాను, ముప్పైతొమ్మిది రాగానే ఎలుకను తుడిచి చెంపకి ఆనించి చూస్తాను. అసహ్యించుకునేవాళ్లు అసహ్యించుకోవచ్చు. పదిరోజులూ వాడు తల తిప్పుకున్నాడు. కాలిన నోటికి భయం ఉండదా మరి.

పదకొండోరోజు శనివారం. ధరణికి బడి లేదు, నాతో వచ్చింది. ఎత్తు స్టూలు మీద కూర్చుని నేను ఎలుకని చెంపకి ఆనించుకోవడం చూసి, "ఛీ" అని నవ్వింది. జ్వరం నాటి నుంచి అది నా చేతుల మధ్యకి రాలేదు. అన్నం అమ్మమ్మే తినిపిస్తోంది, నీళ్లు అమ్మమ్మే పోస్తోంది. నేను బలవంతపెట్టలేదు.

బంగారయ్య ఆ రోజు తల బయటికి తీశాడు. నాలుక ఆడించాడు. నేను పటకారుని ఎలుకకి దగ్గరగా పట్టుకుని, మెల్లగా లోపలికి చాచాను. వాడు ఎంతసేపు ఆలోచించాడంటే, ఎలుక చల్లారిపోయింది. ఆ సంగతి నా చేతికి తెలియదు, నేనూ గమనించలేదు. వాడు ఎలుకని దాటి వచ్చి నా చూపుడువేలి కింద కాటేశాడు.

విషం లేదు, పళ్లు మాత్రం గుచ్చుకున్నాయి. రక్తం కారింది. లాగితే వాడి పళ్లు విరుగుతాయని కదలకుండా కూర్చున్నాను. కాసేపటికి తప్పు తెలుసుకుని వాడే వదిలేశాడు. ఎలుకను మళ్లీ నీళ్లలో వేసి, థర్మామీటర్ చూసి, చెంపకి ఆనించి, ఈసారి పటకారు చివర పట్టుకుని అందించాను. ఎలుకనే కాటేశాడు. చుట్టుకున్నాడు. అయిదు నెలల తర్వాత మొదటి ముద్ద మింగాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

ధరణి స్టూలు దిగి వచ్చి రక్తం చూసింది.

"ముందు నిన్నెందుకు కరిచేడు?"

"ఎలుక చల్లారిపోయిందమ్మా. వాడు వెచ్చగా ఉన్నదాన్నే కరుస్తాడు."

"అయితే నీ చెయ్యి వెచ్చగా ఉందా?"

"నాకు తెలీదు. వాడికి తెలిసింది."

ధరణి ఇంకా దగ్గరికి వచ్చింది. కరిచిన చేతిని కాకుండా రెండో చేతిని తన రెండు చేతులతో పట్టుకుంది. దాన్ని ఎత్తి నుదుటి మీద పెట్టుకుంది, తర్వాత మెడ కింద, తర్వాత పొట్ట మీద. మూడుచోట్లా, మా అమ్మ చూసే వరసలోనే.

"వెచ్చగానే ఉందమ్మా" అంది. "నీకు తెలీకపోతే నన్నడుగు. నేను చెప్తాను."